నూరకూడని మాత్ర

నర్సు శిక్షణకు వెళ్ళబోతున్న మా ఆడపడుచు మొన్న ఒక మాట అడిగింది. "వదినా, నీ ఉద్యోగంలో నీకు బాగా భయం వేసిన రోజు ఏది?" అని. ఏ కోతల గురించో, కాన్పుల గురించో చెప్తానని ఆమె అనుకుంది. బిడ్డ ఏడవడంతో అప్పుడు జవాబు చెప్పలేకపోయాను. ఇప్పుడు వాడు నిద్రపోయాడు. వాడు మళ్ళీ లేచేలోగా ఎంతవరకు రాయగలనో అంతవరకు రాస్తాను. ఆమెకే కాదు, ఆమెలాగా తెల్లచీర కట్టుకోబోయే ఆడపిల్లలందరికీ.

నాకు బాగా భయం వేసింది మూడు మాత్రల వల్ల. ఒక్కొక్కటి కందిగింజంత ఉంటుందేమో.

ఇంటర్మీడియట్ చదివి, ఈ పనిలోకి వెళ్ళడమేమిటని బంధువులు ముక్కున వేలేసుకుంటుండగా, నేను టెక్కలిలో ఒక చిన్న ఆసుపత్రి ఆడవాళ్ళ వార్డులో చేరాను. మా డాక్టరుగారు తక్కువ మాట్లాడేవారు, ఎక్కువ తిరిగేవారు. ఆయన లేనప్పుడు మాట్లాడే భారమంతా కాంపౌండరుది. ఆయనది ఆ ఊరే. ఊళ్ళో ఎవరింట్లో ఎవరికి పడిశం పట్టినా మా కంటే ముందు ఆయనకు తెలిసేది. వార్డులో నాకు తోడుగా ఒక పెద్దవయసు ఆయా ఉండేది. చీకటితో వచ్చి పొద్దుటి మందులు ఇవ్వడం ఆమె పని. ఎండెక్కే వేళకు నేను వచ్చేదాన్ని.

మా వార్డులో మాత్రను మాత్రగా మింగేవాళ్ళు తక్కువ. పల్లెల నుంచి వచ్చిన ఆడవాళ్ళకు మందంటే సాన మీద అరగదీసి, తేనెతోనో అల్లపు రసంతోనో నాలుక మీద రాసేది. గుండ్రటి బిళ్ళ అరచేతిలో పెడితే దాన్ని అటూ ఇటూ తిప్పి, మన మొహంలోకి చూసేవాళ్ళు. కాబట్టి మేమూ నూరేవాళ్ళం. పిల్లలకయితే బిళ్ళను సగానికి కోసేవాళ్ళం. గీత మీద బ్లేడు నిలువుగా ఆనించి ఒక్క నొక్కు నొక్కాలి. ముక్కలు సమంగా రాకపోతే రెండూ పారేయాలి, కంటి అంచనాతో సర్దకూడదు. ఒకరి మందు నూరిన కల్వం కడిగి తుడవకుండా ఇంకొకరి మందు అందులో వేయకూడదు. ఇవన్నీ మీకు శిక్షణలో నేర్పుతారు. కొన్ని మాత్రల జోలికి బ్లేడూ రోకలీ అసలు వెళ్ళకూడదని కూడా నేర్పుతారు. కానీ ఆ మాట రోగి మంచం దాటి, రోగి పక్కన కూర్చున్న మనిషి చెవికి ఎలా చేరాలో ఎవరూ నేర్పరు.

జీడితోటల్లో పిక్కలు ఏరే రోజులు. పూండి అవతలి ఉద్దానం పల్లె నుంచి ఇరవయ్యేళ్ళ అమ్మాయిని బండి మీద పడుకోబెట్టి తీసుకొచ్చారు. నెత్తురుతో జిగట విరేచనాలు. మనిషి ఆరిపోయిన ఆకులా ఉంది. నెలల బిడ్డను ఇంటి దగ్గర తోడికోడలి పాల మీద వదిలి వచ్చిందట. ఆమెను దింపి మొగుడు తోట కోతలకు తిరిగి వెళ్ళిపోయాడు. అత్త ఉండిపోయింది.

అత్తలు ఉండిపోవడం మా వార్డులో వింతే. ఆ మాటే ఆయా అంది.

"ఏటమ్మా, కోడలి మీద అంత పేమేటి?"

"పేమ కాదు, పాసం కాదు. దానికి తల్లి నేదు. నానుండకపోతే ఎవులుంతారు, నువ్వుంతావేటి?" అని ఆమె గోచీకట్టు చీర సర్దుకుని మంచం కింద గిన్నె తీసి కడగడానికి పోయింది. ఎవరి చేతా ఆ గిన్నె ఎత్తనిచ్చేది కాదు. ఆసుపత్రి వెనకాల, రోగుల తాలూకు మనుషులు వండుకునే పాకలో ఒక మూల మూడు రాళ్ళు పెట్టుకుని తన చోడంబలి, అంటే రాగి జావ, తను కాచుకునేది.

డాక్టరుగారు ఆ అమ్మాయికి ఇపికాక్ మాత్రలు ఇవ్వమన్నారు. అది ఒక వేరు పొడి. పేగుల్లోకి చేరితే ఆ జబ్బుకు మంచి మందు. పొట్టలోనే కరిగిపోతే మాత్రం, మనిషిని పేగులు బయటపడేలా కక్కిస్తుంది. అందుకని దాని మీద నున్నటి తెల్లటి పూత వేస్తారు. ఆ పూత పొట్టలో కరగదు, కిందికి దిగాక కరుగుతుంది. పరగడుపున మూడు మాత్రలు మింగి కదలకుండా పడుకోవాలి. డాక్టరుగారు ఈ సంగతంతా అత్తకు చెప్పలేదు. ఆయనకు తెలిసిన రోగి భాషలో క్లుప్తంగా చెప్పారు.

"నమలనివ్వకు. నమిలితే కక్కేస్తుంది."

"నమలనివ్వను బాబూ," అంది ఆమె.

మాత్రలు పొద్దున్నే ఆయా చేతి నుంచి అత్త చేతికి వెళ్ళేవి. మొదటి రోజు వాంతి కాలేదు, గుణమూ కనిపించలేదు. రెండో రోజు వాంతి. మూడో రోజు మరీ పెద్ద వాంతి. డాక్టరుగారు మంచం పక్కన నిలబడి గడ్డం నిమురుకున్నారు. పూత ఉన్న మందుకు కూడా ఇంత వాంతి అవుతోందంటే పొట్ట ఎంత పాడైందోనని ఆయన బెంగ. ఇంతలో ఇచ్ఛాపురం వైపు కలరా పొడసూపిందని కబురొచ్చి, ఆయన నౌపడాలో రైలెక్కడానికి బయలుదేరారు. వెళ్తూ నాతో ఒక్కటే అన్నారు. "మాత్రలు ఆపకండి. ఆపితే ఆమె మనకు దక్కదు."

ఆయన వెళ్ళిన మర్నాడు నేను వార్డులో అడుగు పెట్టేసరికి ఆ అమ్మాయి కళ్ళు గుంటల్లోకి పోయి ఉన్నాయి. పెదవులు తడపడానికి నీళ్ళిస్తే అవి కూడా నిలవలేదు. నాడి నా వేలి కింద దారంలా ఆడుతోంది. నేను చెయ్యి వదలకముందే ఆయా గుమ్మంలో నిలబడి, రమ్మని సైగ చేసింది. మొహంలో నెత్తురు చుక్క లేదు.

"సిస్టరుగారూ, పాక యెనక ముసిలమ్మ కూడా కక్కతంది. నా కళ్ళారా సూసినాను. నిన్న కూడా కక్కిందట. ఎవులికీ సెప్పనేదు."

ఆ మాట నాకంటే ముందు వార్డంతా వినేసింది. కలరా అన్న మాట ఎవరూ నోట అనలేదు. అనకుండానే మంచాల కింద మూటలు కదిలాయి. బాలింతరాలొకతె బిడ్డను కొంగులో చుట్టుకుని గోడవారనే వెళ్ళిపోయింది. ఆమె వెనక ఇంకొకతె.

కాంపౌండరు నన్ను మందుల గదిలోకి పిలిచి తలుపు దగ్గరగా వేశాడు. "సిస్టరుగారూ, ఇది జిగట కాదండి. ఇచ్చాపురం నుంచి దిగిపోనాది. తాలూకా కచేరీకి కబురెట్టేద్దారి. తరవాత మనమీదికొత్తే ఎవులు కాత్తారు?"

కబురు పెడితే ఏమవుతుందో నాకు తెలుసు. వార్డు మూసి సున్నం చల్లుతారు. అత్తనూ కోడలినీ ఊరిబయట తాటాకు పాకలోకి మారుస్తారు. ఆ పాకలోకి వెళ్ళినవాళ్ళ దగ్గరికి నీళ్ళు పట్టుకెళ్ళే మనిషి కూడా దొరకదు.

"కాస్త ఆగండి," అన్నాను. ఎందుకు ఆగమన్నానో నాకే తెలియదు.

నేను గదిలోంచి బయటికి వచ్చేసరికి వాకిట్లో బండి ఆగి ఉంది. మొగుడు వచ్చాడు. భార్యకు బాగోలేదని వాళ్ళ ఊరివాడెవడో చెప్పాడట, తెల్లవార్లూ ఇసక దారిలో బండి తోలుకుంటూ వచ్చాడు. వెడల్పాటి మనిషి, జీడిరసానికి వేళ్ళన్నీ నల్లగా పొక్కి ఉన్నాయి. గొంతు పెంచలేదు. పెంచి ఉంటే నాకు కొంత తేలికయ్యేది.

"నర్సమ్మగారూ, మా అమ్మని, మా ఇంటిదాన్ని తోలుకెళ్ళిపోతాను. మీ మందు పడలేదు. మీరు సేసినకాడికి సేసినారు."

"ఈ ఎండలో బండి మీద వేస్తే ఆమె ఊరు చేరదు," అన్నాను.

"ఇక్కడుంటే బతుకుతాదని సెప్పండి. ఉంచుతాను."

ఇక్కడుంచితే నేను చేయవలసింది ఏమిటి? తెల్లవారాక మళ్ళీ ఆ మాత్రలే ఇవ్వాలి. మళ్ళీ కక్కుతుంది. ఇంకొక్కసారి అలా కక్కితే తట్టుకునే స్థితిలో ఆ ఒళ్ళు లేదు. మందు ఆపితే జబ్బు చంపుతుంది, ఇస్తే మందే చంపుతుంది. డాక్టరుగారు ఎప్పుడు వస్తారో తెలియదు.

"ఎడ్లకు నీళ్ళు పెట్టండి. మీ అమ్మను చూసి వస్తాను," అని పాక దగ్గరికి వెళ్ళాను.

ఆమె గుంజకు ఆనుకుని కూర్చుని ఉంది. నన్ను చూడగానే కొంగుతో మూతి తుడుచుకుంది. నాలుక చూశాను, గోళ్ళు చూశాను, చర్మం పట్టి లాగి వదిలాను. చర్మం వెంటనే సర్దుకుంది. కలరా పట్టిన మనిషి గొంతు పీలగా అయిపోతుంది. ఈమె గొంతు ఎప్పటిలాగానే గరగరలాడుతోంది.

"బయటికి ఎన్నిసార్లు వెళ్ళారు పెద్దమ్మా?"

"బయటికి నేదు. కడుపు బాగానే ఉంది. పొద్దుట ఓపాలి కక్కొత్తంది, అంతే. ఆనక అంబలి తాగినాను. ఉంది."

"అంబలి నిలిచిందా?"

"నిలవకేటి? సోళ్ళు కదా."

కలరాలో అంబలి నిలవదు. నా గుండె కొంచెం నెమ్మదించింది. "రోజూ పొద్దుటేనా?"

"మొన్న, నిన్న, ఈయేల. దానికి మందెట్టినాక."

"మందు పెట్టాక మీకెందుకు వాంతి? మీరేం తిన్నారు?"

"నానేటి తింతాను? పరగడుపే."

అప్పుడు చూశాను, ఆమె మోకాలి పక్కన ఒక సానరాయి ఉంది. ఇంకా తడి ఆరలేదు. దాని మీద అల్లపు పీచు, లేత గోధుమరంగు చార. వేలితో తీసి వాసన చూశాను. అల్లం ఘాటు కింద, మా మందుల గదిలో సీసా మూత తీస్తే వచ్చే ఆ మట్టి వాసన.

"ఇదేమిటి పెద్దమ్మా?"

"సాన."

"దేనికి?"

"మందుకి. మరి దేనికి?" నా ప్రశ్న ఆమెకు వింతగా ఉంది. "తొలినాడు ఆ పిల్ల మాత్రలు మింగింది. మర్నాడు గిన్ని ఎత్తింది నానే కదా. సూసినాను. మూడికి మూడూ అలాగే ఉన్నాయి తల్లీ. కడిగి మళ్ళీ సీసాలో ఎయ్యొచ్చు. కరగని మందు మందేటి? రాళ్ళు మింగించినట్టు. అందుకే ఆనాటి నుంచే అల్లప్రసంతో సాన మీద తీసి నాకిత్తన్నాను."

"నమలొద్దని డాక్టరుగారు చెప్పారు కదా!"

"నమలనేదు!" ఆమెకు కోపం వచ్చింది. "ఒట్టు. ఒక్క పన్ను తగలనేదు."

"మరి మీకు వాంతి ఎందుకు?"

"సాన మీద మిగిలింది పారేత్తారేటి? నూరినోలు ముందు రుసి సూడాల. రోగి ఎదురుగుండా సూడాల. నూరిన సెయ్యి నాకని మందు మా ఇళ్ళల్లో ఎవులూ నాకరు. ఇసం ఎట్టినారో ఏటెట్టినారో ఎలా తెలుత్తాది?"

నాకు నవ్వొచ్చింది. నవ్వుతూనే కింద కూర్చుండిపోయాను. వార్డు సగం ఖాళీ చేసిన కలరా ఇదన్నమాట. ఆమెకు మెల్లగా చెప్పాను, ఆ తెల్ల పూత ఎందుకుందో, అది పోతే ఆ వేరు పొట్టలో ఏం చేస్తుందో. చెప్తున్నకొద్దీ ఆమె మొహం మారిపోయింది. చివరికి సానను కాలితో దూరంగా నెట్టేసింది.

"అయితే దాన్ని కక్కించింది నానేనా?"

నా మనసు అప్పటికే ఇంకో భయంలో పడింది. ఆమె చేసింది పొరపాటే కాని, ఆమె చూసింది అబద్ధం కాదు. మొదటిరోజు మాత్రలు చెక్కు చెదరకుండా కిందికి వచ్చేశాయి. నూరితే వాంతి, నూరకపోతే రాయి. మరి ఎలా ఇవ్వాలి?

మందుల గదికి పరుగెత్తి కాంపౌండరుకు సంగతంతా చెప్పాను. ఆయన ముందు పగలబడి నవ్వాడు. "ఓలమ్మో, సాన కలరా!" అని తొడ మీద చరుచుకున్నాడు. తరువాత నేను అడిగిన ప్రశ్నకు నవ్వు ఆపాడు.

"మొదటి రోజు ఏ సీసాలోంచి ఇచ్చారు?"

"పాత సీసా అడుగున కొన్నున్నాయండి. మందు పారబోయడం ఎందుకని అవి తీసినాను. రెండోనాటి నుంచి కొత్త సీసా."

"పాతవి ఇంకా ఉన్నాయా?"

ఉన్నాయి. రెండు, రంగు కాస్త పచ్చబడి. గోరుతో గీస్తే గాజులా ఉన్నాయి. ఎన్ని ఎండలు చూశాయో, పూత బిగిసిపోయింది.

నేను రెండు గాజు గ్లాసుల్లో, చెయ్యి ఓర్చుకునేంత వేడి నీళ్ళు పోసి సోడా ఉప్పు కలిపాను. పేగుల్లో ఉండేది అలాంటి రసమేనని చదువుకున్నాం. ఒకదానిలో పాత మాత్ర, ఇంకొకదానిలో కొత్తది వేశాం. పొట్టలో పులుపుకు బదులుగా కాంపౌండరు తన అన్నం డబ్బాలోంచి నిమ్మచెక్క తీసి మూడో గ్లాసులో పిండాడు. అందులో ఇంకో కొత్త మాత్ర. చల్లారకుండా గ్లాసులను వేడి నీళ్ళ గిన్నెలో నిలబెట్టి, మేమిద్దరం వంగి చూస్తూ నిలబడ్డాం. బయట ఎడ్ల మెడ గంటలు వినిపిస్తున్నాయి. ప్రతి చప్పుడుకూ బండి కట్టేశాడేమోనని కిటికీలోంచి చూసేదాన్ని.

నిమ్మరసంలో మాత్ర అలాగే ఉంది. పాతది అలాగే ఉంది. ఎంతోసేపటికి కొత్త మాత్ర పూత నానిన శనగపొట్టులా ముడతలు పడింది. ఇంకాసేపటికి ఒక పక్క చిట్లి, గోధుమరంగు పొగలా నీళ్ళలోకి దిగింది.

"దిగింది సిస్టరుగారూ," అన్నాడు కాంపౌండరు గుసగుసగా, దేవుడి గదిలో మాట్లాడినట్టు.

ఆ గ్లాసులనూ, కొత్త సీసాలోంచి తీసిన మూడు మాత్రలనూ ఒక పళ్ళెంలో పెట్టుకుని వాకిట్లోకి వెళ్ళాను. మొగుడు అన్నీ విన్నాడు. గ్లాసులు కూడా చూశాడు.

"గళాసులో కరిగితే మా ఇంటిదాని కడుపులో కరుగుతాదేటి? అది గళాసు కాదు కదమ్మా," అన్నాడు.

అప్పటికి అత్త వచ్చి నా పక్కన నిలబడింది. "ఒరే, మందు తప్పు కాదురా. నానే నూరినాను. నానే కక్కించినాను."

వాడు తల్లి వైపు తిరిగాడు. "అయితే మరీ మంచిది. ఇంక ఎవులూ ఏటీ ఎట్టొద్దు. ఇంటికెలిపోదారి," అని కాడి ఎత్తడానికి వంగాడు.

తరువాత జరిగింది ఆపడానికి నాకు వ్యవధి దొరకలేదు. ఆమె నా చేతిలోని పళ్ళెంలోంచి కొత్త మాత్రలు మూడూ తీసి నోట్లో వేసుకుని, కూజా ఎత్తి గటగటా నీళ్ళు తాగేసింది. నోరు తెరిచి కొడుక్కి చూపించింది.

"మింగినాను. నూరనేదు, నమలనేదు. పొద్దు ఆ తాటిసెట్టు మీదికి దిగేదాకా ఆగు. కక్కితే కట్టు బండి. కక్కకపోతే ఇప్పు ఎడ్లని."

"పెద్దమ్మా! మీకు జబ్బు లేదు, ఆ మందు మీకు కాదు!" అని అరిచాను.

"నూరితే రుసి సూసేదాన్ని కదా? ఇదీ అంతే," అంది.

ఆమెను వరండాలో చాప మీద పడుకోబెట్టాను. మీరు నర్సులవుతున్నారు కనుక చెప్తున్నాను, ఆ మధ్యాహ్నం నేను పడిన యాతన పరీక్షల్లోనూ పడలేదు, నా కాన్పులోనూ పడలేదు. ఆమె మూడు రోజులుగా వాంతులు చేసుకున్న మనిషి. మాత్ర వల్ల కాకపోయినా, ఎండకో, భయానికో, ఆ మాత్ర గుర్తుకొచ్చో ఒక్కసారి కక్కిందంటే చాలు. బండి కదులుతుంది. లోపల మంచం మీది పిల్ల ఇసక దారిలోనే పోతుంది. ఇంటి దగ్గర ఒక బిడ్డ ఎవరి పాల మీదో పెరుగుతుంది. ఇదంతా ఇప్పుడు ఒక ముసలామె గొంతులో ఉంది.

మొగుడు బండి చక్రానికి ఆనుకుని కూర్చుని తల్లిని చూస్తున్నాడు. ఆయా విసురుతోంది. కాంపౌండరు ఏదో పని ఉన్నట్టు వరండా మీద తిరుగుతూ, ప్రతిసారీ ఆగి, "ఎలాగుందమ్మా?" అంటున్నాడు.

"నువ్వు అడగకుండా ఉంటే బాగుంతాది," అంది ఆమె కళ్ళు తెరవకుండా.

ఒకసారి ఆమె లేచి కూర్చుంది. మొహం చెమటతో తడిసిపోయింది. కొంగు నోట్లో కుక్కుకుంది. భుజాలు ఎగిరాయి. మొగుడు లేచి నిలబడ్డాడు. నేను గిన్నె పట్టుకుని వంగాను. ఆమె గిన్నెను చేత్తో పక్కకు తోసేసింది.

"లెగకు," అంది గొంతులో. "లెగకే. కూకో." తనకు తానే చెప్పుకుందో, నాతో అందో తెలియదు. కాసేపటికి భుజాలు దిగాయి. మళ్ళీ పడుకుని కొడుకు వైపు తిరిగి, "ఎడ్లకి నీల్లెట్టమంది కదా ఆయమ్మ, ఎట్టినావేటి? నన్నే సూత్తే అయి తాగేత్తాయేటి?" అంది.

వాడు ఎడ్లకు నీళ్ళు పెట్టాడు. పర్లాకిమిడి వైపు వెళ్ళే చిన్న రైలు కూత వేసి పోయింది. పాక నీడ సాగి వరండా మెట్టెక్కింది. పొద్దు తాటిచెట్టు కొన మీదికి వచ్చిందో లేదో, ఆమె లేచి కూర్చుని, జుట్టు ముడేసుకుని, "ఆకలేత్తంది," అంది.

మొగుడు కాడి కింద దించాడు.

అసలు పని అప్పుడు మొదలైంది. లోపలి అమ్మాయి కడుపులో ఆ రోజంతా ఏమీ లేదు. మందు తెల్లవారాక ఇవ్వాలని డాక్టరుగారి మాట. అప్పటిదాకా ఆగే ఓపిక ఆ నాడిలో నాకు కనిపించలేదు. మూడు కాదు, ఒక్క మాత్ర ఇవ్వాలని నిర్ణయించుకున్నాను. తెల్లటి మాత్ర చూడగానే ఆ పిల్ల కళ్ళలో నీళ్ళు తిరిగాయి. వాంతులతో గొంతు పుండైపోయి ఉంది.

"అత్తా, నూరవా," అంది. మాట గాలిలా వచ్చింది.

"నూరను," అంది అత్త. "సచ్చినా నూరను. నువ్వు తిట్టినా నూరను. మింగు గుంటా."

మొగుడు దారిలో తాగడానికని బండిలో వేసుకొచ్చిన లేత కొబ్బరి బొండాల్లో ఒకటి కొట్టి తెచ్చాడు. లోపలి గుజ్జు ఇంకా ముదరలేదు, వేలితో తాకితే జారిపోతోంది. తల వెనక్కి వాల్చితే పొలమారుతుంది కనుక, ఆమెను కొంచెం లేపి, గడ్డం గుండె వైపు వంచాం. ముందు నోరు తడిపి, గుజ్జులో చుట్టిన మాత్రను నాలుక వెనక పెట్టాను. అత్త తన అరచెయ్యి కోడలి గొంతు మీద వేసింది, గుటక పడిందో లేదో తెలుసుకోవడానికి. ఒకసారి ఆగింది. రెండోసారి కదిలింది.

"దిగిపోనాది," అంది అత్త. నేను నోరు తెరిపించి నాలుక కింద, బుగ్గల వెనక చూశాను. ఏమీ లేదు.

ఆ రాత్రి వాంతి కాలేదు. తెల్లవారాక మూడు ఇచ్చాం, అలాగే, ఒక్కొక్కటిగా. కాలేదు. ఆ మర్నాడు నేను వార్డు మెట్లెక్కుతుండగానే లోపలి నుంచి కేక వినిపించింది. అత్త రెండు చేతులతో గిన్నె పట్టుకుని నాకు ఎదురొస్తోంది.

"నర్సమ్మా! నేవు! ఒక్క మాత్రా నేదు! ఎతికినాను!"

ఉద్యోగంలో నాకు దక్కిన మెప్పులన్నిటిలో ఇంత సంతోషపెట్టిన మాట ఇంకొకటి లేదంటే మీరు నవ్వుతారు. నవ్వండి. గిన్నెలో ఏముందో వంగి చూడడం నేర్చుకున్న రోజు మీకూ అర్థమవుతుంది. నెత్తురు చారలు కూడా పలచబడ్డాయి.

డాక్టరుగారు ఆ సాయంత్రం వచ్చారు. సంగతి విని ఒక్కసారి కూడా నవ్వలేదు. కాంపౌండరు చేత పాత సీసా నూతి వెనక పాతిపెట్టించారు. నన్ను గదిలోకి పిలిచి, ఆరోగ్యంగా ఉన్న మనిషి మన పళ్ళెంలోంచి మందు తీసి మింగేలా పళ్ళెం వాకిట్లోకి ఎందుకెళ్ళిందని అడిగారు. ఆమె గుండె బలహీనమైనదై ఉంటే ఏమయ్యేదని అడిగారు. ఆయన కోప్పడింది న్యాయమే. కాని ఆ తరువాత ఆయన కొత్త రోగి ఎవరొచ్చినా, మందు రాయబోయే ముందు పక్కనున్న ఆడమనిషిని ఒక మాట అడగడం నేను విన్నాను. "మీ ఇంట్లో మందెలా ఇస్తారమ్మా?" అని.

ఆ అమ్మాయి కోలుకోవడానికి చాలా రోజులే పట్టింది. లేచి గోడ పట్టుకుని నడిచిన రోజున మొగుడు మళ్ళీ బండి తెచ్చాడు. ఈసారి బండిలో మెత్తగా గడ్డి పరిచి ఉంది, గడ్డి మీద తోడికోడలు, ఆమె ఒళ్ళో బిడ్డ. వార్డులో ఉన్నవాళ్ళందరూ చూడడానికి వాకిట్లోకి వచ్చారు. ఒంట్లో నెత్తురు పట్టడానికి డాక్టరుగారు ఇచ్చిన ఇనుప మాత్రల పొట్లం నేను అత్త చేతిలో పెట్టాను. ఆమె విప్పి, ఒకటి తీసి, వెలుతురుకు ఎత్తి చూసింది.

"ఇది నూరొచ్చా?"

నాకు తెలుసు. అయినా, "ఉండండి," అని లోపలికి వెళ్ళి, సీసా చూసి, కాంపౌండరును ఒకసారి అడిగి వచ్చాను.

"నూరొచ్చు పెద్దమ్మా. పళ్ళు నల్లబడతాయి, అంతే."

"ఇంత సదువు సదివినావు, లోపలికెల్లి సూసొచ్చి సెప్తావేటి?" అంది ఆమె, అందరికీ వినిపించేలా.

"చూసే చెప్పాలి."

"ఊఁ," అని పొట్లం కొంగున ముడేసుకుని, "మరి నానూ అడిగే నూరుతాను," అంటూ బండెక్కి కోడలి తల తన ఒళ్ళోకి తీసుకుంది.